ఏ ఫోటో ఎవరి కోసం?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

సామాజిక మాధ్యమాల్లో నేటి యువతీయువకులు తమను తాము చూపుకునే తీరును తప్పుబడుతూ మీ పాఠకుల లేఖల శీర్షికలో తరచూ ఉత్తరాలు వస్తున్నాయి. లేని వైభవాన్ని ప్రదర్శిస్తున్నారనీ, ముఖాలకు ఫిల్టర్లు తొడుక్కుని తిరుగుతున్నారనీ, ఇంట్లో అమ్మతో రెండు మాటలు మాట్లాడని పిల్ల మాతృదినోత్సవం నాడు మాత్రం పేజీడు కవిత్వం పెడుతుందనీ వాటి సారాంశం. రాసేవారిలో ఎక్కువమంది నా వయసువాళ్లేనని ధోరణిని బట్టి తెలుస్తూనే ఉంది. వాళ్ల ఆవేదనను నేను తేలిక చేయడం లేదు. అయితే వ్యాధి ఎక్కడుందో చూడకుండా మందు వేస్తున్నారని, ముప్పై అయిదేళ్లపాటు కెమెరా వెనుక నిలబడి, జనం తమను తాము ఎలా చూపుకోవాలనుకుంటారో చూస్తూ బతికినవాడిగా నాకు అనిపిస్తున్నది. లేఖ కాస్త పెద్దదయింది, ఓపికగా చదవమని మనవి.

మాది నెల్లూరు వైపు కుటుంబం. 1977లో, ఈ చెన్నైని అందరూ మద్రాసు అనే పిలిచే రోజుల్లో, కోడంబాక్కంలో ఆర్కాట్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో చిన్న ఫోటో స్టూడియో తెరిచాను; 2012లో మూసేశాను. నా పెట్టుబడి అంతా ఒక కెమెరా, రెండు పెద్ద లైట్లు, చెరువూ దాని వెనుక రాజప్రాసాదమూ గీసిన ఒక తెర, ఒక నల్ల కోటు. ఆ కోటును మూర్ మార్కెట్‌లో పాతబట్టల అంగట్లో కొన్నాను. (ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది, కోటు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం కొలువు చేసింది.) ఎవరో భారీ మనిషి కోసం కుట్టిన కోటది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లేమో నూటికి తొంభైమంది బక్కపలచనివాళ్లు. అందుచేత కోటు తొడిగాక వాళ్ల వీపు వెనక్కి వెళ్లి, వదులుగా ఉన్న గుడ్డనంతా కుచ్చిళ్లుగా పోగుచేసి, బట్టలారేసే క్లిప్పులు నాలుగో అయిదో పెట్టి బిగించేవాణ్ని. ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించుకున్నట్టే ఉండేది. వెనుక నుంచి చూస్తే నవ్వొచ్చేది. క్లిప్పులు ఊడిపోతాయేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు కాబోలు, ఆ ఫోటోల్లో అందరికీ ఒకే రకమైన గాంభీర్యం వచ్చేది.

మా వృత్తిలో టచింగ్ అని ఒక పని ఉండేది. నెగెటివ్ మీద ముందు ఒక రకం వార్నిష్ పలచగా రుద్ది, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో, వెనుక నుంచి వెలుతురు వచ్చే బల్ల ముందు కూర్చుని, మొటిమ ఉన్నచోట, కంటికింద గుంట ఉన్నచోట చుక్కలు చుక్కలుగా నింపుకుంటూ పోవాలి. నెగెటివ్‌లో నింపిన నలుపు ప్రింటులో తెలుపవుతుంది కనుక మచ్చ మాయమవుతుంది. అతిగా నింపితే మనిషి మైనపు బొమ్మ అవుతాడు. ఎక్కడ చేయి ఆపాలో తెలియడమే పనితనం. పెళ్లిసంబంధం కోసం ఆడపిల్లకు ఫోటో తీయించడానికి వచ్చిన తండ్రులు డబ్బు కట్టేటప్పుడు గొంతు తగ్గించి, ‘కాస్త రంగు తేలేట్టు చూడండి’ అనేవారు. ప్రింటు వేసేటప్పుడు కాగితానికి వెలుతురు తగిలే సమయాన్ని రెండు సెకన్లు తగ్గిస్తే రంగు తేలుతుంది. నేను తగ్గించేవాణ్ని. ఆ పని చేసినందుకు ఇప్పుడు గర్వపడటం లేదు. అయితే పిల్లల ఫోన్లలోని ఫిల్టర్‌ను చూసి లోకం చెడిపోయిందని గుండెలు బాదుకునే అర్హత మాత్రం మా తరానికి లేదు.

అదే ఆర్కాట్ రోడ్డు మీద వడపళనిలో వాహినీ, ఏవీఎం స్టూడియోలు ఉండేవి. తెలుగు సినిమా ఇంకా పూర్తిగా హైదరాబాదుకు తరలిపోని రోజులవి. గుంటూరు, తెనాలి, ఏలూరు, కడపల నుంచి వేషాల కోసం వచ్చిన కుర్రాళ్లు మా చుట్టుపక్కల గదుల్లో నలుగురేసి, అయిదుగురేసి ఉండేవారు. వాళ్లు నా దగ్గర ఆల్బమ్ తీయించుకునేవారు: కోపంగా ఒకటి, కంటతడితో ఒకటి, పక్కకు తిరిగి ఒకటి, నల్ల కోటుతో ఒకటి. అవి ప్రొడక్షన్ మేనేజర్లకు చూపించడానికి. అదే పూట, అదే కుర్రాడు, కోటు విప్పి, ముఖం కడుక్కుని, తలకు నూనె రాసి పాపిడి తీసుకుని, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని మరో ఫోటో దిగేవాడు. అది ఊళ్లో ఉన్న అమ్మకు. రెండు రకాల ఫోటోలనూ రెండు కవర్లలో పెట్టి ఇచ్చేవాణ్ని. ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఒక కవరు మీద పెన్సిల్‌తో ‘ఇల్లు’ అని రాసేవాణ్ని. ఆ రెండింటిలో ఏది అబద్ధమని ఎవరైనా నిలదీస్తే నేను జవాబు చెప్పలేను. వేషం దొరకాలనీ ఆ కుర్రాడు నిజంగానే కోరుకున్నాడు, అమ్మ దిగులుపడకూడదనీ నిజంగానే కోరుకున్నాడు.

‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అనే సామెతను మనకు ఇంటర్నెట్ నేర్పలేదు. నలుగురిలోకి వెళ్లేటప్పుడు మనిషి కొంత సర్దుకుని వెళ్తాడు, ఆ సర్దుబాటు కోసం ఎవరికీ కనబడని ఒక మూల అతనికి కావాలి. కెనడాలో పుట్టిన ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో కొంతకాలం ఉండి, అక్కడి హోటల్లో పనివాళ్లు వంటింట్లో ఒక తీరుగా, అతిథుల భోజనశాలలో మరో తీరుగా మసలడాన్ని గమనించాడు. నిత్యజీవితాన్ని నాటకశాలతో పోలుస్తూ 1956లో ఆయన ప్రచురించిన పుస్తకంలో ఆ పరిశీలన కూడా ఉంది. సురభివారి నాటకాలు చూసిన తెలుగువాళ్లకు ఈ పోలిక చెప్పడానికి షెట్లండ్ దాకా పోనక్కర్లేదనుకోండి. కానీ ఆయన చెప్పినవాటిలో ఒక సంగతి నా వృత్తికి బాగా దగ్గరగా ఉండి నన్ను పట్టుకుంది: ఒక వేషాన్ని చూసే ప్రేక్షకులు, మరో వేషాన్ని చూసే ప్రేక్షకులు ఒకరికొకరు ఎదురుపడకుండా చూసుకోగలిగితేనే ఈ వ్యవహారమంతా సజావుగా సాగుతుంది. నా భాషలో చెప్పాలంటే, కవర్లు విడివిడిగా ఉండాలి.

సామాజిక మాధ్యమాలు వచ్చాక పోయినవి ఆ కవర్లే. ఫేస్‌బుక్ 2004లో ఒక్క విశ్వవిద్యాలయపు విద్యార్థుల కోసం మొదలై, 2006 సెప్టెంబరులో పదమూడేళ్లు నిండిన ఎవరైనా చేరవచ్చునని తలుపులు బార్లా తెరిచింది. మొదట్లో చేరిన కుర్రాడి ఎదుట తోటి కుర్రాళ్లే ఉండేవారు. ఆ తర్వాత ఒక్కొక్కరుగా వాళ్ల అక్క, ఆఫీసులో పైఅధికారి, బాబాయి, చిన్ననాటి లెక్కల మాస్టారు, సంబంధాలు చూసిపెట్టే పేరయ్య, చివరికి నాలాంటి ముసలివాళ్లమూ వచ్చి అదే హాల్లో కుర్చీలు వేసుకున్నాం. వేదిక ఒక్కటే, మైకు ఒక్కటే. ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2010 ప్రాంతంలో, ట్విట్టర్‌లో రాసేవాళ్లను ‘మీరు ఎవరిని మనసులో పెట్టుకుని రాస్తారు?’ అని అడిగి చూశారు. నా కోసమే రాసుకుంటాను అన్నవాళ్లున్నారు, స్నేహితుల కోసం అన్నవాళ్లున్నారు, అభిమానుల కోసం అన్నవాళ్లూ ఉన్నారు. చదివేవాళ్లు మాత్రం వీళ్లు ఊహించుకున్నవాళ్లే కానక్కర్లేదు. విడివిడిగా ఉండవలసిన సందర్భాలన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పకూలడమని ఈ స్థితికి పేరు. అలాంటి చోట చాలామంది చేసే పని, అందరిలోకీ ఎక్కువగా నొచ్చుకునే మనిషి ఎవరో ఊహించి, ఆ మనిషికి తగ్గట్టు మాట కుదించుకోవడం.

చెన్నై తెలుగువాళ్లకు ఈ చిక్కు మిగతావాళ్లకంటే తొందరగా అర్థమవుతుంది. గుమ్మం దాటగానే భాష మార్చుకోవడం మాకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఇంట్లో తెలుగు, కాయగూరల బండి దగ్గర తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు కలిసిన తమిళం. ఇందులో దాపరికమేమీ లేదు. ఎదుటివాళ్లెవరో చూసి నాలుకే తిరిగిపోతుంది. ఫేస్‌బుక్‌లో రెండు వాక్యాలు రాయబోతే మాత్రం నా చేయి ఆగిపోతుంది. మూడేళ్ల కిందట మా వాకిట్లో ముగ్గును ఫోటో తీసి ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని తెలుగులో పెట్టాను. ముప్పై ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్న తమిళ మిత్రుడు నవ్వుతూనే, ‘ఏం సార్, మాకు పొంగల్ చెప్పరా?’ అని అడిగాడు. మరుసటి ఏడు తమిళంలో పెడితే నెల్లూరు నుంచి మా వదిన ఫోన్ చేసి, ‘ఇక నువ్వు పూర్తిగా అరవాయనవే అయిపోయావు’ అని నిష్ఠూరమాడింది. మూడో ఏడు మాటన్నది లేకుండా గోడకు చేరవేసిన రెండు చెరకుగడల ఫోటో పెట్టి ఊరుకున్నాను. అందరూ లైక్ కొట్టారు. వాకిట్లో నిలబడి పక్కింటాయనకు తమిళంలోనూ, ఫోన్లో వదినకు తెలుగులోనూ ఎంతో హాయిగా చెప్పే పండగ మాట, అందరూ ఉన్నచోట నోట రాకుండా పోయింది.

పిల్లల సంగతి ఇంకా కష్టం. మా మేనకోడలు పాత మహాబలిపురం రోడ్డులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో సోఫా మీద కాళ్లు ముడుచుకు కూర్చుని, అరగంటసేపు ఫోన్లో టిక్కులు పెడుతూనే ఉంది. ఆఫీసు పనేమో అనుకున్నాను. ‘స్టేటస్ పెడుతున్నా మామయ్యా’ అంది. చూపించమంటే చూపించింది. స్నేహితులతో పాండిచ్చేరి వెళ్లినప్పటి ఫోటో; సముద్రపు ఒడ్డున నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, గాలికి చెదిరిన జుట్టు, నవ్వులు. అంతకుమించి అందులో ఏమీ లేదు. వాట్సాప్‌లో స్టేటస్‌ను ఎవరికి కనబడకుండా పెట్టాలో ఎంచుకునే సదుపాయం ఉంది. ఆ అమ్మాయి చేస్తున్న పని అదే. పెద్దత్త, ఆమె ఇద్దరు కోడళ్లు, నెల్లూరు బాబాయి, అపార్టుమెంటు సెక్రటరీ, సంగీతం టీచరు, శుక్రవారం ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టింది కనుక టీమ్ లీడరు. ఒక్కో పేరు దగ్గరా వేలు ఆగుతుంది, ఆ మనిషి చూస్తే ఏమవుతుందో క్షణం ఆలోచిస్తుంది, టిక్కు పడుతుంది. మొత్తం నలభై ఏడుగురు. ‘మరి నా సంగతి?’ అని అడిగాను. తలెత్తి నా వంక చూసి, ‘నువ్వు చూసినా ఫర్వాలేదులే మామయ్యా’ అంది. నాకు ఈ మధ్య దొరికిన గౌరవాల్లో అది పెద్దది.

మీ లేఖకులు దీన్ని చూసి ఉంటే నాటకం అనేవారు. నాకు మాత్రం అది నేను స్టూడియో బల్ల దగ్గర చేసిన పనిలాగానే కనిపించింది. నేను ఒక్క కవరు మీద ‘ఇల్లు’ అని రాస్తే సరిపోయేది. ఈ పిల్ల నలభై ఏడింటి మీద రాయాల్సి వస్తున్నది, అదీ ఇరవై నాలుగు గంటల్లో చెరిగిపోయే ఒక్క ఫోటో కోసం. అంత చేసినా ఒక పిన్ని ఈ మధ్యనే నంబరు మార్చిందనీ, ఆ కొత్త నంబరు కూడా తన ఫోన్లో ఉందనీ మరిచిపోయింది. సోమవారం మధ్యాహ్నానికి ఫోటో నెల్లూరు చేరింది. ‘సంబంధాలు చూస్తున్న పిల్ల, అబ్బాయిలతో సముద్రం ఒడ్డున ఏమిటి?’ అని మొదలై వారం రోజులు నడిచింది. మా చెల్లెలు చివరికి నన్ను పట్టుకుని, ‘నువ్వు ముందే చూశావట కదా అన్నయ్యా, ఒక్క మాట చెప్పలేదేం?’ అని అడిగింది. నేను నేరంలో భాగస్వామినయ్యాను.

ఈ కష్టం కంపెనీలకు తెలియనిదేమీ కాదు. 2011లో గూగుల్ తన గూగుల్ ప్లస్‌ను తెచ్చినప్పుడు, తెలిసినవాళ్లను ఇంటివాళ్లు, స్నేహితులు, ఆఫీసువాళ్లు అని సర్కిళ్లుగా విడదీసుకోవడమే దాని ప్రత్యేకత అని చెప్పింది. 2019 ఏప్రిల్‌లో మామూలు వాడుకరులకు దాన్ని మూసేసింది. ఇన్‌స్టాగ్రామ్ 2018లో, దగ్గరివాళ్లకు మాత్రమే స్టోరీ కనబడే ఏర్పాటు తెచ్చింది. సదుపాయాలకు లోటు లేదు. లోటంతా మనుషులను పట్టికలుగా వేయడంలో ఉంది. బయటి జీవితంలో ఆ పని గోడలు చేస్తాయి, గుమ్మాలు చేస్తాయి, పెద్దాయన వస్తుంటే గొంతు తగ్గించే స్నేహితుడి మోచేయి చేస్తుంది. నిన్నటిదాకా దగ్గరివాడైనవాడు మాటపట్టింపుతో ఇవాళ దూరమైతే, పట్టికలో అతని పేరు దగ్గర టిక్కు మార్చాలని ఎవరికి గుర్తుంటుంది? అందుకే కొందరు పిల్లలు రెండు ఖాతాలు పెట్టుకుంటారు: బంధువులకు ఒకటి, నలుగురు స్నేహితులకు ఒకటి. దాన్ని కపటమంటూ మొన్నామధ్య ఒకాయన మీ పత్రికకు రాశారు. ఇంటి ముందు వరండా ఒకటి, వెనుక పెరడు ఒకటి ఉన్నవాళ్లందరూ ఆయన లెక్కన కపటులేనా?

ఇక లెక్కల సంగతి. మా కాలంలో ఫోటో నచ్చిందో లేదో తెలియాలంటే ఊరి నుంచి ఉత్తరం రావాలి, అదీ ‘చిక్కిపోయావు’ అన్న ఒక్క మాటే ఉండేది. ఫేస్‌బుక్ 2009లో లైక్ బొత్తాము పెట్టాక ఆ నచ్చడానికి అంకె వచ్చింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించగానే జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. దాంతో ప్రేక్షకులంటే తెలిసినవాళ్లే అన్న ఆధారం కూడా పోయింది. రీల్‌ను ఎవరి ముందు పెట్టాలో పెట్టినమనిషి కాక యంత్రం నిర్ణయిస్తుంది. ఎదుట ఉన్నది ఎవరో తెలియనప్పుడు మనిషి దేన్ని చూసి సర్దుకుంటాడు? క్రితంసారి దేనికి ఎక్కువ అంకె వచ్చిందో దాన్ని చూసి. బెసెంట్ నగర్ బీచిలో తెల్లటి స్మారక మండపం దగ్గర ఏ సాయంత్రమైనా నిలబడి చూడండి: ఒకే పాటకు, ఒకే అడుగు వేసి, ఒకే వైపు జుట్టు తిప్పే పిల్లలు వరసగా కనబడతారు. 2021లో ఇన్‌స్టాగ్రామ్ లైకుల అంకెను దాచుకునే వీలు కల్పించింది. నాకు తెలిసిన పిల్లల్లో దాచుకున్నవాళ్లు లేరు. అందరూ ఒకేలా ఉన్నారని మాత్రం నేను ఫిర్యాదు చేయలేను. ముప్పై అయిదేళ్లలో నా చెరువూ ప్రాసాదమూ తెర ముందు ఎన్ని జంటలు కూర్చున్నాయో లెక్కలేదు; వాళ్లలో ఎవరూ ఆ ప్రాసాదం తమదని అనుకోలేదు, చూసినవాళ్లూ అనుకోలేదు.

డబ్బు తీసుకుని వేసే వేషం వేరు, దాన్ని దీనితో కలపకూడదు. సబ్బునో పెట్టుబడి యాప్‌నో పొగిడి, అందుకు తమకు సొమ్ము ముట్టిందని చెప్పనివాళ్లు చూసేవాళ్లను మోసం చేస్తున్నట్టే. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం ఇక్కడ గీసిన గీత నాకు సబబుగానే తోస్తుంది. ఎందుకు ముస్తాబయ్యావని అది అడగదు. ఎవరి డబ్బుతో ముస్తాబయ్యావో దాచవద్దంటుంది.

ఇంతవరకూ ఇతరుల గురించి రాశాను. ఈ విషయంలో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, నిజానికి ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. స్టూడియో మూసేశాక నెగెటివ్‌లను పారేయడానికి మనసొప్పక అట్టపెట్టెల్లో ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి స్కానరు కొనిస్తే, తోచినప్పుడల్లా ఒకటీ అరా పాతవి ఫేస్‌బుక్‌లో పెట్టడం మొదలుపెట్టాను. అలా నల్ల కోటులో ఉన్న ఒక కుర్రాడి ఫోటో పెట్టి, ‘వేషాల కోసం కోడంబాక్కం వచ్చిన ఒక యువకుడు, 1983’ అని రాశాను. పేరు రాయలేదు, నాకు గుర్తు కూడా లేదు. మంచి వెలుగునీడలు పడిన ఫోటో అది. జనం మెచ్చుకున్నారు, చాలామంది తమ తమ బృందాల్లో పంచుకున్నారు. రెండు రోజులపాటు నేనూ మనవడిలాగే పొద్దున లేవగానే లైకులు చూసుకున్నాను.

మూడో రోజు ఒక కోస్తా పట్టణం నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడాడాయన. ఆ ఫోటోలో ఉన్నది మా నాన్నగారండీ అన్నాడు. నేను సంతోషపడబోయాను. ఆయన మాట కొనసాగించాడు. తండ్రి గుమాస్తాగా చేరి, పెద్ద ఉద్యోగంలో రిటైరయ్యారట. పిల్లలను సినిమాకు పంపేవారు కారట. డిగ్రీ చదివేటప్పుడు ఈయన నాటకంలో వేషం వేస్తానంటే చెంపదెబ్బ కొట్టారట. ఆయన ఒకప్పుడు మద్రాసులో రెండేళ్లు వేషాల కోసం తిరిగారని భార్యకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. మనవరాలు ఫోన్లో ఈ ఫోటో చూసి, పోలిక పట్టి, భోజనాల దగ్గర అందరి ముందూ తాతకు చూపించిందట. నేను భయపడుతూనే, ఆయన ఏమన్నారని అడిగాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశారట. ‘ఆ కోటు నాది కాదు’ అని మాత్రం అని లేచి వెళ్లిపోయారట. తీసేయమని నాన్న చెప్పలేదండీ, నేనే అడుగుతున్నాను అన్నాడు ఆ అబ్బాయి.

తీసేశాను. అప్పటికే ఎన్ని వాట్సాప్ బృందాల్లో తిరుగుతున్నదో నా చేతిలో లేదు. ఆయన దాచుకున్నది నేరమేమీ కాదు, ఎవరి సొమ్మూ తినలేదు. కలిసిరాని రెండేళ్లను మడిచి లోపల పెట్టుకున్నారు. ఆ నెగెటివ్ ప్రొడక్షన్ ఆఫీసు కవరులోది. నలభై ఏళ్ల తర్వాత నేను దాన్ని ఇంటికి పంపాను. ఫోటో తీసింది నేనే, నెగెటివ్ నా దగ్గరే ఉంది, పేరు బయటపెట్టలేదు, మెచ్చుకుంటూనే రాశాను. నాకు నేను చెప్పుకున్న ఈ సమర్థనలేవీ ఆ భోజనాల బల్ల దగ్గర పనికొచ్చేవి కావు. ఇప్పుడు పెట్టెల్లోంచి ఏది బయటికి తీసినా, గోడలూ వీధులూ ఉన్నవి తప్ప మనుషులున్నవి పెట్టడం లేదు.

ఇక మీ పత్రికతో నా పని. నేను చేసిన తప్పునే తెలుగు పత్రికలు, ఛానళ్లు వారానికి పదిసార్లు చేస్తున్నాయి. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన కుర్రాడి వార్త పక్కన, చల్లద్దాలు పెట్టుకుని బైకు మీద వెనక్కి వాలిన ఫోటో. కింద చిన్న అక్షరాల్లో ‘ఫేస్‌బుక్ చిత్రం’ అని. ఆత్మహత్య చేసుకున్న అమ్మాయి వార్తకు స్నేహితురాలి పెళ్లి సంగీత్‌లో గంతులేస్తున్న ఇన్‌స్టాగ్రామ్ ఫోటో. ఛానళ్లయితే ఆమె రీల్‌నే పదేపదే తిప్పుతాయి. ఆ ఫోటో చూసి ‘ఇలా తిరిగే పిల్లకు...’ అని మొదలుపెట్టే వ్యాఖ్యలు మనందరం చదివాం. స్నేహితుల కోసం పెట్టిన నవ్వు అది. చనిపోయిన మర్నాడు ఊరంతటి ముందూ సాక్ష్యంగా నిలబెట్టడానికి ఆమె ఇవ్వలేదు. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టకుండా ఇదివరకు శిక్షాస్మృతి 228-ఎ సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను అడ్డుకుంటున్నాయి. మనుషుల ఏకాంతాన్ని గౌరవించాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళీ చెబుతుంది. మిగిలిన వార్తల్లో ఏ ఫోటో వేయాలన్నది మీ డెస్కు మీద కూర్చున్నవారి విచక్షణకే వదిలేశారు. ఖాతాకు తాళం లేకపోవడం ఒక్కటే వాళ్లకు అనుమతిగా కనిపిస్తున్నట్టుంది.

అందుచేత నా కోరిక ఇది. మరణించినవారి ఫోటోగానీ, బాధితుల ఫోటోగానీ వారి సామాజిక మాధ్యమ ఖాతాల నుంచి నేరుగా తీసుకోవద్దు. మీ విలేకరి ఎలాగూ వివరాల కోసం ఆ ఇంటికి ఫోన్ చేస్తాడు. అప్పుడే ఏ ఫోటో వేయమంటారో కూడా అడగమనండి. వాళ్లు వద్దంటే, లేదా మాట్లాడే స్థితిలో లేకపోతే, వార్తను ఫోటో లేకుండానే వేయండి. ఈ నియమాన్ని మీ ఎడిషన్లన్నింటిలో పాటించడం వీలవుతుందో లేదో, వీలుకాకపోతే ఎందుకు కాదో, ఈ శీర్షిక కిందనే నాలుగు మాటలు రాస్తే సంతోషిస్తాను.

ఒకవేళ ఈ లేఖతో పాటు రాసినవారి ఫోటో వేసే ఆలోచన మీకుంటే, ఫేస్‌బుక్‌లో ఉన్నది మాత్రం తీసుకోకండి. అది మనవడి పుట్టినరోజు నాడు కాగితపు టోపీ పెట్టుకుని దిగింది, ఇంటివాళ్ల కోసం పెట్టుకున్నది. కావాలంటే వేరేది పంపుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫోటోగ్రాఫరు,
కోడంబాక్కం, చెన్నై.